కుక్కను కుక్కగానే ఉండనివ్వండి: లాటిన్ నీతికథలను తెలుగు చేయడం గురించి

మీ ప్రశ్నలో నాకు మూడు సందేహాలు కనిపించాయి. మధ్యయుగపు లాటిన్ నీతికథలను ఇంగ్లీషు మీదుగా తెలుగు చేస్తూ, పసిబిడ్డను పాము నుంచి కాపాడి చివరికి యజమాని చేతిలోనే చచ్చిపోయిన కుక్క కథ దగ్గర ఆగారు. అది మన ముంగిస కథే కదా, కుక్కను ముంగిసగా మార్చేస్తే తెలుగు పాఠకుడికి దగ్గరవుతుంది కదా అన్నది మొదటిది. ప్రతి కథ చివరా తోకలా వేలాడే మతవ్యాఖ్యానం ఈ కాలం వాళ్ళకు విసుగు కాబట్టి తీసేయవచ్చా అన్నది రెండోది. ఎలాంటి తెలుగు వాడాలి అన్నది మూడోది.

మొదటి రెండింటికీ నా జవాబు ఒకటే: వద్దు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ లాటిన్ చదువుతున్నాను, తెలుగు చేస్తున్నాను. మొదట్లో నేనూ ఆ రెండు పనులూ చేశాను. అలా చేసిన పదిహేను కథలను తర్వాత మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. ఎందుకో చెబుతాను.

ముందు కుక్క సంగతి. కథకు మూలం మనదే, అందులో అనుమానం లేదు. పంచతంత్రం అయిదో తంత్రంలో ఉంది, హితోపదేశంలో ఉజ్జయిని బ్రాహ్మణుడు మాధవుడి కథగా ఉంది. ఆరో శతాబ్దంలో పారశీక రాజు ఖుస్రో అనూషిర్వాన్ కాలంలో పంచతంత్రం పహ్లవీ భాషలోకి వెళ్ళింది. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. మన కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. అక్కడి నుంచి హీబ్రూకు, హీబ్రూ నుంచి 13వ శతాబ్దంలో జాన్ ఆఫ్ కాపువా చేతుల మీదుగా లాటిన్‌కు చేరింది. ఇంకో దారిలో ఏడుగురు జ్ఞానుల కథల గుంపుతో కలిసి కూడా ఇదే కథ పడమటికి నడిచింది. ఆ దారుల్లో ఎక్కడో ముంగిస రాలిపోయి వేటకుక్క వచ్చి చేరింది. ముంగిసను ఇంట్లో పెంచుకునే అలవాటు లేని దేశంలో అది సహజమే.

ఇంతవరకూ చూస్తే మీరన్నది సబబుగానే అనిపిస్తుంది. మన కథ మన ఇంటికి తిరిగి వస్తోంది, ముంగిసను ముంగిసగా ఇంట్లోకి తీసుకుందాం అని. కానీ ఆ కుక్కకు అక్కడ ఏం జరిగిందో చూడండి.

ఎటియెన్ ద బూర్బన్ అని డొమినికన్ అనే కతోలిక సంఘానికి చెందిన ఒక మఠవాసి. 1261 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియోన్‌లో చనిపోయాడు. బోధకులకు పనికొచ్చే కథలను పెద్ద ఎత్తున పోగుచేశాడు. లియోన్ మేత్రాసనంలో, అంటే అక్కడి బిషప్పు పరిధిలో, మంత్రతంత్రాలకు వ్యతిరేకంగా బోధిస్తూ, పాపసంకీర్తనాలు (జనం గురువు ముందు తమ పాపాలు ఒప్పుకోవడం) వింటూ తిరుగుతుంటే తనకు ఎదురైన సంగతిని అందులో రాశాడు. సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది: “పిల్లల్ని పునీత (సెయింట్) గిన్‌ఫోర్ దగ్గరికి తీసుకెళ్ళామని చాలామంది ఆడవాళ్ళు నాతో ఒప్పుకున్నారు. ఎవరో పునీతుడనుకున్నాను. ఆరా తీశాను. చివరికి తేలిందేమిటంటే, అదొక వేటకుక్క.”

తర్వాత అసలు కథ. ఒక కోట. దొర, దొరసాని, ఒక పసిబిడ్డ. దొర, దొరసాని, దాది ముగ్గురూ బయటికి వెళ్ళిన వేళ పెద్ద పాము ఉయ్యాల వైపు వచ్చింది. కుక్క దాన్ని తరిమింది, పెనుగులాటలో ఉయ్యాల బోర్లాపడింది, పాము చచ్చింది. దాది వచ్చి నెత్తుటి మూతితో నిలబడ్డ కుక్కను చూసి కేక పెట్టింది. దొరసాని వచ్చి కేక పెట్టింది. దొర కత్తి దూసి కుక్కను చంపాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే బిడ్డ హాయిగా నిద్రపోతోంది, పక్కన పాము ముక్కలై ఉంది. కుక్కను కోటగుమ్మం ముందున్న బావిలో వేసి, మీద రాళ్ళు పేర్చి, చుట్టూ చెట్లు నాటారు. కాలక్రమాన కోట కూలిపోయింది, నేల పాడుపడింది. చుట్టుపక్కల రైతులు మాత్రం అన్యాయంగా చచ్చిన ఆ కుక్కను మరిచిపోలేదు. హతసాక్షిగా, అంటే ప్రాణమిచ్చిన పునీతుడిగా, కొలవడం మొదలుపెట్టారు. జబ్బుపడ్డ పిల్లల్ని తల్లులు అక్కడికి తెచ్చి, రెండు చెట్ల మొదళ్ళ మధ్య నుంచి బిడ్డను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తొమ్మిది మార్లు దాటించి, ఆనక షలారోన్ ఏటిలో తొమ్మిది మునకలు వేయించేవారు. ఎటియెన్ ఆ కుక్క ఎముకలను తవ్వించాడు, ఆ చెట్లను నరికించాడు, రెంటినీ కలిపి కాల్పించాడు. అంతటితో అయిపోలేదు. ఆరు శతాబ్దాల తర్వాత, 19వ శతాబ్దంలో ఒక పరిశోధకుడు వెళ్ళి వెతికితే ఆ అడవి, ఆ పేరు, పిల్లల్ని తెచ్చే తల్లులు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ముంగిసను ఎక్కడ పెడతారు? మన కథలో నీతి తొందరపాటు గురించి: పరీక్షించి చూడకుండా పని చేసినవాడు ఏడుస్తాడు. ఎటియెన్‌కు తొందరపాటుతో పనిలేదు. అతడు మూఢభక్తి గురించి చెబుతున్నాడు, కథ అతడికి ఒక సాక్ష్యం. ఆ పల్లె తల్లులకు ఈ రెండూ పట్టవు. వాళ్ళకు కావలసింది బిడ్డ బతకడం. ఒకే కథ మూడు చేతుల్లో మూడు పనులు చేసింది. కుక్కను ముంగిసగా మార్చిన క్షణాన మీ పాఠకుడికి మొదటి చేయి ఒక్కటే కనిపిస్తుంది, అది అతడు చిన్నప్పుడే చూసేసిన చేయి. ముంగిస కథ తెలుగులో మనకు ఎప్పటి నుంచో ఉంది. లేనిది గిన్‌ఫోర్ కథ.

ఇదే ఇబ్బంది ఇంకా స్పష్టంగా కనిపించే కథ మరొకటి ఉంది. పేత్రుస్ అల్ఫోన్సి అనే యూదు పండితుడు 1106లో స్పెయిన్‌లోని వెస్కాలో బాప్తిస్మం తీసుకున్నాడు. అరబ్బీ, హీబ్రూ తెలిసినవాడు. ‘దిసిప్లినా క్లెరికాలిస్’ అని ముప్పై పైచిలుకు కథలతో లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు. అందులో ఏడ్చే కుక్కపిల్ల కథ ఒకటి. ఒక ఇల్లాలి భర్త ఊళ్ళో లేడు. ఒక యువకుడు ఆమె మీద మనసుపడ్డాడు. అతడి తరఫున ఒక ముసలిది ఆడకుక్కకు ఆవాలు కలిపిన రొట్టె పెడుతుంది, దాని కళ్ళ వెంట నీళ్ళు కారుతాయి. ‘ఇది నా కూతురు, తనను వలచిన కుర్రాణ్ణి కాదన్నందుకు కుక్క అయిపోయింది’ అని ఏడుస్తూ చెబుతుంది. ఇల్లాలు భయపడి లొంగిపోతుంది.

కథాసరిత్సాగరం చదివినవాళ్ళకు వెంటనే అందులోని వర్తకుడి భార్య దేవస్మిత గుర్తొస్తుంది. అక్కడ సన్యాసిని కుక్కకు పెట్టేది మిరియాల పొడి కలిపిన మాంసం. చెప్పే అబద్ధం కూడా వేరు: ‘పూర్వజన్మలో మేమిద్దరం ఒక బ్రాహ్మణుడి భార్యలం, కోరికలను అణుచుకున్నందుకు దీనికి ఈ జన్మ వచ్చింది’ అంటుంది. దేవస్మిత ఆ ఎత్తును పట్టేసి, తన కోసం వచ్చిన కుర్రాళ్ళకు మత్తు పెట్టి నొసట కుక్క అడుగు ముద్ర కాల్చి పంపుతుంది.

మిరియాలు పోయి ఆవాలు వచ్చాయి. పూర్వజన్మ పోయి ఉన్న జన్మలోనే రూపం మారడం వచ్చింది. క్రైస్తవ పాఠకుడికి పునర్జన్మ చెల్లదు కాబట్టి అది మారక తప్పలేదు. అన్నిటికన్నా పెద్ద మార్పు, తెలివైన భార్య పోయి మోసపోయిన భార్య వచ్చింది. ఈ కథను తెలుగు చేసేటప్పుడు చేయి దానంతటదే ‘పూర్వజన్మలో’ అని రాసేస్తుంది. నాకు అలాగే జరిగింది. చదివిన పెద్దాయన ఒకరు “లాటిన్‌లో పునర్జన్మ ఉందా?” అని అడిగేదాకా నేను గమనించలేదు. తెలుగులో అంత సహజంగా కుదిరిన మాట అది. సహజంగా కుదిరిన మాటల్నే ఎక్కువ అనుమానించాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

ఇక కథ చివరి వ్యాఖ్యానం. దీని గురించి మీతో గట్టిగా వాదించాలని ఉంది.

మీరు చదువుతున్న ‘గెస్తా రొమనోరుమ్’ పేరుకు రోమన్ల చరిత్ర. నిజానికి అందులో చరిత్ర బహు తక్కువ. 13వ శతాబ్దం చివరో 14వ శతాబ్దం మొదట్లోనో కూర్చిన కథల మూట, తర్వాత చేతులు మారినకొద్దీ పెరిగింది, తరిగింది. అచ్చులో స్థిరపడిన పాఠంలో 181 కథలు. ప్రతి కథ కిందా ‘మొరలిజాసియో’ అని ఒక భాగం ఉంటుంది. ఫలానా రాజు అంటే దేవుడు, కూతురు అంటే ఆత్మ, అయిదుగురు కాపలాదారులు అంటే అయిదు ఇంద్రియాలు, కుక్క అంటే అంతరాత్మ, ఇలా. 1824లో చార్లెస్ స్వాన్ ఇంగ్లీషు చేసినప్పుడు ఈ భాగాలను బాగా కుదించాడు. మీ చేతిలో ఉన్నది అదే అయితే మీకు విసుగనిపించిన తోక నిజానికి కత్తిరించిన తోక.

గంట కథ తీసుకోండి. నేను తెలుగు చేసిన తీరులో చెబుతాను:

“థియొడోసియస్ రోమ్‌లో రాజ్యం చేసేవాడట. మహా వివేకి. అతడికి చూపు పోయింది. రాజభవనంలో ఒక గంట వేలాడదీయించి, తగవు ఉన్నవాళ్ళు ఎవరైనా తమ చేత్తో తాడు లాగాలి, చప్పుడు వినగానే న్యాయాధికారి దిగివచ్చి తీర్పు చెప్పాలి అని కట్టడి చేశాడట. ఆ తాడు కింద ఒక పాము పుట్ట పెట్టుకుని పిల్లల్ని కన్నది. పిల్లలు పాకేంత అయ్యాక ఒకరోజు వాటిని తీసుకుని ఊరి బయటికి వెళ్ళింది. ఇంతలో ఒక కప్ప వచ్చి పుట్టలో కూర్చుంది. పాము తిరిగివచ్చి పోట్లాడింది, గెలవలేకపోయింది. తోకతో తాడును చుట్టి గంట కొట్టిందట. న్యాయాధికారి దిగివచ్చాడు, ఎవరూ కనిపించలేదు, వెళ్ళిపోయాడు. మళ్ళీ గంట మోగింది...”

న్యాయాధికారి పామునూ కప్పనూ చూసి రాజుకు చెబుతాడు. కప్పను చంపి పాము చోటు పాముకు ఇప్పించమంటాడు రాజు. కొన్నాళ్ళకు ఆ పాము నోట ఒక మణి పట్టుకుని వచ్చి, పడుకున్న రాజు కళ్ళ మీద దాన్ని వదిలి వెళ్ళిపోతుంది. చూపు వస్తుంది.

తెలుగు పాఠకుడు ఇక్కడితో ఆగితే ఇది ధర్మప్రభువు కథ. మనకు అలవాటైన కథ. దూడను పోగొట్టుకున్న ఆవు గంట కొడితే కొడుకును శిక్షించిన మనునీతి చోళుడు గుర్తొస్తాడు, బెజవాడ మాధవవర్మ గుర్తొస్తాడు. నేను మొదటిసారి ఆ గంటకు ‘ధర్మగంట’ అని పెట్టాను కూడా. ఇప్పుడు మొరలిజాసియో చదవండి. చూపులేని రాజు అంటే లోకవ్యామోహంలో పడి ఆత్మసంగతులు కనపడని మనిషి. గంట అంటే బోధకుడి నాలుక. తాడు అంటే బైబిలు. పాము అంటే వివేకవంతుడైన గురువు, పాపసంకీర్తనం వినేవాడు. దాని పిల్లలు సుగుణాలు. గురువులు తమ పని వదిలి లోకం వెంట పడితే ఆ ఖాళీ చోటులో కప్ప, అంటే సైతాను, వచ్చి కూర్చుంటుంది. కళ్ళ మీద పెట్టిన మణి పవిత్ర గ్రంథం.

ధర్మప్రభువు కాస్తా కళ్ళులేని పాపి అయ్యాడు! పైగా క్రైస్తవంలో సైతానుకు గుర్తుగా ఉండే పాము ఇక్కడ గురువు. కథ ఒక దిక్కుకు లాగుతుంటే వ్యాఖ్యానం ఇంకో దిక్కుకు లాగుతుంది. పొసగదు. ఆ పొసగనితనంలోనే ఆ కాలపు మనసు నాకు కనిపిస్తుంది. లోకంలోని ప్రతి వస్తువూ ఇంకొకదానికి గుర్తు అని నమ్మినవాళ్ళు, పామును చూసినా కప్పను చూసినా తమ ఆత్మ గురించే ఆలోచించినవాళ్ళు. ‘పుట్టను వదిలి వెళ్ళిన గురువు’ అన్న మాటలో తోటి గురువుల మీద ఎంత కోపముందో చూడండి. తోక కోసేస్తే ఈ కోపం పోతుంది. మిగిలేది పిల్లల పత్రికలో అరపేజీ కథ. ఇప్పుడు ‘ధర్మగంట’ మాట తీసేసి ఉత్త ‘గంట’ అని రాస్తున్నాను.

పాఠకుడు విసుక్కుంటాడని మీ భయం. విసుక్కోకుండా ఉండాలంటే వ్యాఖ్యానాన్ని కథకు అంటించి పెట్టకండి. ఒక గీత గీసి, వేరే అచ్చుతో, ‘ఈ కథను బోధకుడు ఇలా విప్పేవాడు’ అని ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి. పాఠకుడు అక్కడ వేరే గొంతు వింటున్నానని గ్రహిస్తాడు. నాకు తెలిసి చాలామంది ఆ భాగాన్ని కథకన్నా ఇష్టంగా చదువుతారు, తమ ఊహకూ బోధకుడి విప్పుకూ ఎంత దూరమో చూసుకోవడానికి.

ఈ కథల ఉనికే బోధ కోసం. బోధ మధ్యలో వాడుకునే ఇలాంటి చిన్న కథను లాటిన్‌లో ఎగ్జెంప్లుమ్ అంటారు. తెలుగులో దీనికి దృష్టాంతం, ఉదాహరణ, నీతికథ అని రకరకాలుగా రాస్తున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన మాట పిట్టకథ. హరికథ సాగుతుండగా దాసుగారు ఆగి, కునికిపాట్లు పడేవాళ్ళు ఉలిక్కిపడి లేచేలా ఒక పిట్టకథ చెప్పి మళ్ళీ అసలు కథలోకి వెళతారే, అచ్చంగా అదే పని. 13వ శతాబ్దపు జర్మన్ మఠవాసి హైస్టర్‌బాఖ్ సీజేరియస్ ఒక ముచ్చట రాశాడు. గెవార్డ్ అనే మఠాధ్యక్షుడు బోధిస్తుంటే చాలామంది నిద్రపోతున్నారట, కొందరు గురక కూడా పెడుతున్నారట. ఆయన గొంతు పెంచి, ‘వినండి, ఒక గొప్ప కొత్త సంగతి చెబుతాను. ఆర్థర్ అని ఒక రాజు ఉండేవాడు...’ అని ఆపేశాడు. అందరూ లేచి కూర్చున్నారు. దేవుడి మాట చెబితే నిద్రపోయారు, కబుర్లనగానే చెవులు నిక్కబొడుచుకున్నారే అని మందలించాడు. ఈ ముచ్చట చదివిన రోజున నాకు మా ఊరి రామాలయం అరుగు కళ్ళ ముందు కనిపించింది. పోలిక పనిలో ఉంది కాబట్టి పిట్టకథ అన్న మాట చెల్లుతుంది. ముంగిస విషయంలో పోలిక వస్తువులో మాత్రమే ఉంది.

ఇక తెలుగు. ఈ లాటిన్ చాలా సాదా లాటిన్. కావ్యాల లాటిన్ కాదు. పొట్టి వాక్యాలు, ‘అన్నాడు, వెళ్ళాడు, చూశాడు’ అన్న క్రియలు, విశేషణాలు అరుదు. అందుకే గ్రాంథికం దీనికి అసలు నప్పదు. పాతదనం కోసం ‘ఒకానొక పురంబున’ అని మొదలుపెడితే చిన్నయసూరి నీతిచంద్రిక గొంతు వినిపిస్తుంది తప్ప బోధకుడి గొంతు కాదు. అలాగని లేని వర్ణనలు చేర్చకండి. కథ ఎముకల గూడులా కనిపిస్తుంది, ఎందుకంటే మాంసం బోధకుడు పీఠం మీద నిలబడి తానే పెట్టుకునేవాడు. దొరసాని కన్నీళ్ళను మీరు రెండు పేరాలు వర్ణించారనుకోండి, అది మీ కథ అవుతుంది.

తెలుగుకు ఇక్కడ ఒక వరం ఉంది: ‘ట’. లాటిన్ కథకుడు ‘అని చదువుతాం’, ‘అని చెబుతారు’, ‘నేను విన్నాను’, ‘నేను చూశాను’ అని ఆనవాలు చెప్పి మొదలుపెడతాడు. ఈ తేడా వాళ్ళకు ముఖ్యం. ఇంగ్లీషులో ఇది ప్రతిసారీ ఒక ముక్క అడ్డం తగులుతుంది కాబట్టి అనువాదకులు తరచు వదిలేస్తారు. మనకు ‘రాజ్యం చేసేవాడట’ అంటే చాలు. థియొడోసియస్‌కు ‘ట’ పెట్టండి. ఎటియెన్ తవ్వించిన ఎముకలకు పెట్టకండి. ఆయన స్వయంగా వెళ్ళాడు.

మాటల విషయంలో మీరు వెళ్ళవలసిన చోటు నిఘంటువు కన్నా ముందు ఏదైనా తెలుగు కతోలిక విచారణ (ఒక చర్చి కింది ఊళ్ళు). పునీతుడు, పాపసంకీర్తనం, మేత్రాసనం, దివ్యబలిపూజ, విచారణ గురువులు, ఇవన్నీ మన దగ్గర రోజూ నోళ్ళలో నలుగుతున్న మాటలు. వీటిని వదిలి ‘సిద్ధుడు’, ‘ప్రాయశ్చిత్తం’, ‘స్వామీజీ’ అని రాస్తే కథ వేరే మతంలోకి జారిపోతుంది. నైట్ (knight) అన్న మాటకు తెలుగులో సరైన మాట లేదు. నేను సందర్భాన్ని బట్టి ‘గుర్రపు యోధుడు’ అనో, ఊరి మీద అధికారం ఉన్నవాడైతే ‘దొర’ అనో రాస్తాను. మీరు తెలంగాణ వారు కాబట్టి కోటను ‘గడీ’ అందామని మీ చిత్తుప్రతిలో చూశాను. ఆ మాట నాకూ ఇష్టమే, కానీ అందులో వెట్టి ఉంది, నైజాం కాలం ఉంది. పాఠకుడికి ఆ జ్ఞాపకమే ముందు వస్తుంది. కోట అనండి.

ఒక్క సంగతి సూటిగా చెప్పాలి. ఈ పుస్తకాల్లో ఆడవాళ్ళను కించపరిచే కథలు చాలా ఉన్నాయి, యూదుల మీద విషం చిమ్మే కథలూ ఉన్నాయి. శుకసప్తతి, హంసవింశతి చదివిన తెలుగువాళ్ళకు మొదటి రకం కొత్త కాదు. రెండో రకం మాత్రం ఏ సందర్భమూ తెలియకుండా చేతిలో పడుతుంది. అలాంటి కథను ఎంచుకోకపోవడం మీ ఇష్టం. ఎంచుకుంటే మాత్రం మెత్తబరచకండి. ముందు నాలుగు వాక్యాల్లో ఎవరు, ఎవరి ముందు, ఎందుకు చెప్పారో రాసి, కథను ఉన్నదున్నట్టు ఇవ్వండి. మెత్తబరచిన ద్వేషం పాఠకుడికి ముద్దుగా కనిపిస్తుంది, అది ఇంకా ప్రమాదం.

ఇంగ్లీషు మీదుగా చేయడం తప్పేమీ కాదు, కానీ లాటిన్ పాఠాన్ని పక్కన పెట్టుకోండి. గెస్తాకు 1872లో బెర్లిన్‌లో హెర్మన్ ఓస్టర్లీ అచ్చువేసిన లాటిన్ ప్రతి, అల్ఫోన్సికి 1911 నాటి హిల్కా, సోడర్‌హెల్మ్ ప్రతి పాతవి, ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఈ మధ్య వచ్చిన ఇంగ్లీషు అనువాదాలకు కాపీరైటు ఉంటుంది కాబట్టి వాటి నుంచి చేస్తే అనుమతి అడగాలి. ఒక ఏడాది లాటిన్ వ్యాకరణం మీద కూర్చుంటే ఈ సాదా వచనం మీకు అందుతుంది. సంస్కృత విభక్తులు తెలిసినవారైతే ఇంకా త్వరగా.

గిన్‌ఫోర్ కథ పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి. ఆ తల్లులు బిడ్డను ఏటిలో తొమ్మిదిసార్లు ముంచే చోట ఎటియెన్ గొంతులో కోపం ఉంటుంది, ఆ తల్లుల చేతుల్లో ఆశ ఉంటుంది. ఆ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. మీరు దాన్ని తెలుగులో ఎలా పట్టుకున్నారో చూడాలని ఉంది.